ఊట ఆ దేశంలో, కుళాయి ఈ దేశంలో

చీపురు కొనుక్కోవడానికి దేశం సరిహద్దు దాటిన ఆడవాళ్ళ గురించి ఎప్పుడైనా విన్నారా? 1950 ఆగస్టు 13, ఆదివారం. ఇటలీకీ, అప్పటి యుగోస్లావియాకీ మధ్య, 'ఎర్ర ఇల్లు' అని పిలిచే కాపలా గేటు దగ్గర యుగోస్లావియా వైపున జనం పోగవడం మొదలుపెట్టారు. గేటుకి అవతల గొరీట్సియా అనే పట్నం. అందులో వీళ్ళ అక్కచెల్లెళ్ళున్నారు, మేనత్తలున్నారు, ఒకే బళ్ళో చదువుకున్న స్నేహితురాళ్ళున్నారు. మూడేళ్ళుగా స్వేచ్ఛగా కలుసుకున్నది లేదు. ఆరోజు చుట్టాల్ని చూసుకోనిస్తారని మాట పుట్టింది. జనం పెరిగారు, తోపులాట పెరిగింది, చివరికి కాపలావాళ్ళు చూస్తుండగానే వేలాదిమంది అవతలికి వెళ్ళిపోయారు. అదృష్టం, తుపాకులు పేలలేదు.

వెళ్ళినవాళ్ళు ముందు అయినవాళ్ళని కావలించుకుని ఏడ్చారు. తరువాత బజారు దారి పట్టారు. ఆదివారమైనా కొట్లు తలుపులు తీశాయి. సాయంత్రం తిరిగి వస్తుంటే చూడాలి, ఎంతోమంది భుజాల మీద చీపుళ్ళు! అక్కడి చీపుళ్ళు మన కొబ్బరీనెల చీపుళ్ళ వంటివి కావు లెండి. ఒకరకం జొన్న కంకుల ఈనెల్ని పొడుగాటి కర్రకి బిగించి కట్టినవి. యుద్ధం వెళ్ళిన కొత్తలో యుగోస్లావియాలో అన్నిటికీ కరువే, చీపురుకి కూడాను. అందుకే ఆ రోజుకి 'చీపుళ్ళ ఆదివారం' అని పేరు నిలిచిపోయింది. చరిత్ర రాసేవాళ్ళు దీన్ని ఒక తమాషాగా రెండు వాక్యాల్లో చెప్పి పోతారు. నాకు మాత్రం తమాషాగా తోచదు. ఇల్లు ఊడ్చుకోవడానికి చీపురు దొరకని ఇల్లాలి దగ్గర ఏ ప్రభుత్వం ఎంత పెద్ద ఉపన్యాసం ఇచ్చినా ఏం లాభం?

అసలు ఒక్క ఊరు రెండు దేశాలెలా అయింది? కాస్త వెనక్కి వెళదాం.

గొరీట్సా అంటే స్లొవేనియన్ భాషలో చిన్న కొండ, మన మాటలో గుట్ట. 1001వ సంవత్సరంలో ఒక చక్రవర్తి ఇచ్చిన దానపత్రంలో స్లావుల భాషలో ఫలానా అని పిలిచే పల్లె అంటూ ఈ ఊరి పేరు మొదటిసారి కనిపిస్తుంది. ఇటాలియన్లు దాన్నే గొరీట్సియా అన్నారు. 1500 మొదలు మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలో ఉంది. బజార్లో ఇటాలియన్, స్లొవేనియన్, జర్మన్, ఆ ప్రాంతపు ఫ్రియూలియన్, నాలుగు భాషలూ వినపడేవి. కూరగాయలమ్ముకునేవాళ్ళు చుట్టుపక్కల పల్లెల్నించి వచ్చేవారు. 1906లో ఆల్ప్స్ పర్వతాలు దాటి వచ్చే రైలు మార్గం వేసి, ఊరికి ఉత్తరాన గొప్ప స్టేషను కట్టారు. ఈ స్టేషన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మొదటి యుద్ధంలో ఆ ఊరి పక్కనున్న నది ఒడ్డున పన్నెండు పెద్ద పోరాటాలు జరిగాయి. నదిని ఇటాలియన్లు ఇసోంజో అనీ, స్లొవేనియన్లు సోచా అనీ అంటారు. యుద్ధం తరువాత ఆ ప్రాంతమంతా ఇటలీది అయింది. ముస్సోలినీ వచ్చాక స్లొవేనియన్ బళ్ళు మూసేశారు, ఇంటిపేర్లు మార్పించారు, భాషని నలుగురిలో మాట్లాడనివ్వలేదు. 1945 మేలో మార్షల్ టిటో సైనికులు వచ్చి నలభై రోజులు ఊరిని ఏలారు. ఆ నలభై రోజుల్లో వందలమందిని పట్టుకుపోయారు. ఎక్కువమంది తిరిగి రాలేదు. ఒకళ్ళ ఇంట్లో ఇరవయ్యేళ్ళ అవమానం, పక్కింట్లో తిరిగిరాని తండ్రి. తరువాత వీళ్ళే కలిసి పనిచేశారని చెప్పబోతున్నాను కనుక, ఏ గాయాలమీద చేశారో ముందే చెప్పడం న్యాయం.

1947 ఫిబ్రవరిలో పారిస్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. సెప్టెంబరు 15 అర్ధరాత్రి నుంచీ అమలు. సున్నంతో నేలమీద తెల్లగీత గీసుకుంటూ పోయారు. గీత పొలాల మధ్యనుంచి పోయింది, పెరళ్ళ మధ్యనుంచి పోయింది. మీరెన్ అనే పల్లెలో శ్మశానం మధ్యనుంచి పోయింది. సమాధుల నడుమ ముళ్ళతీగె. గొరీట్సియా పాత పట్నం, కోట, బజారు, పెద్ద బళ్ళు ఇటలీకి దక్కాయి. ఊరికి పాలూ కూరలూ పంపే లోయలన్నీ యుగోస్లావియాకి పోయాయి. ఇందాకటి రైల్వే స్టేషను యుగోస్లావియాది, దాని ముందున్న కూడలిలో కొంత భాగం ఇటలీది. స్టేషను కప్పుమీద ఎర్ర నక్షత్రం నిలబెట్టారు. కూడలిలో కంచె లేచింది.

ఇంతా పంచుకుంటే ఒక సంగతి వచ్చి పడింది. గొరీట్సియా కుళాయిల్లోకి నీళ్ళొచ్చే ఊట అవతలి దేశంలోకి పోయింది! సోల్కాన్ అనే ఊరికి దగ్గర్లో, నది అంచున, మర్జ్‌లెక్ అనే ఊట. పేరుకి అర్థం చల్లనిదని. ఇటాలియన్లు కూడా చల్లని ఊట అనే అంటారు. మరి నీళ్ళెలా పంచాలి? గోడ కట్టి నీటిని ఆపలేరు కదా. ఆ శాంతి ఒప్పందంలో అయిదో అనుబంధమంతా ఈ నీళ్ళ గురించే. ఊటల యాజమాన్యం యుగోస్లావియాది, వాటిని నడిపే బాధ్యతా వాళ్ళదే, గొరీట్సియాకి మామూలుగా వెళ్ళే నీళ్ళు వెళుతూనే ఉండాలి. ఇటలీ వైపున్న నిలవ చెరువులూ గొట్టాలూ ఇటలీ చూసుకోవాలి. వాటినుంచి నీళ్ళు తాగే పల్లెలు యుగోస్లావియాలోకి పోయినా సరే, వాటికి నీళ్ళు ఆపకూడదు. ధర నీళ్ళు పంపడానికి అయ్యే ఖర్చుకి సరిపడా ఉండాలిగాని లాభం వేసుకోకూడదు. ఎండాకాలంలోనో మరెప్పుడో ఊట తగ్గితే, ఇరువైపులవాళ్ళూ ఇదివరకు వాడుకున్న లెక్క ప్రకారమే తగ్గించుకోవాలి. అంత పెద్ద ఒప్పందంలో నాకు అన్నిటికన్నా తెలివైన భాగం ఇదే అనిపిస్తుంది. బిందె నిండకపోతే ఏమవుతుందో తెలిసినవాళ్ళెవరో ఆ కాగితం రాసుండాలి.

ఇలా అధికారులకి ఇష్టమున్నా లేకపోయినా, రెండువైపులా నీళ్ళ పని చూసేవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడక తప్పలేదు. నీటి గొట్టానికి రాజకీయం తెలియదు. పగిలితే బాగు చెయ్యాలంతే.

పట్నం చేజారిన యుగోస్లావియా ఊరుకోలేదు. మాకూ ఒక పట్నం కావాలంటూ 1948లో కంచెకి ఆనుకుని కొత్త ఊరు కట్టడం మొదలుపెట్టింది. పేరు నోవా గొరీట్సా, అంటే కొత్త గొరీట్సా. ఎడ్వార్డ్ రావ్నికార్ అనే వాస్తుశిల్పి నమూనా గీశాడు. దేశం నలుమూలలనుంచీ యువకులూ యువతులూ దళాలుగా వచ్చి, పొలాలూ, ఇటుక బట్టీలూ, పాత శ్మశానం ఉన్న ఆ నేలను చదును చేశారు. సరిహద్దు అవతలికి కూడా మెరిసేటట్టుండాలన్నది నాయకుల కోరిక. డబ్బు చాలక చాన్నాళ్ళు అరకొరగానే మెరిసిందనుకోండి. ఇటు పాతకాలపు సందులు, అటు వెడల్పాటి రోడ్లు, చెట్లు, ఒకేరకం ఇళ్ళ వరసలు. కోడలు వేరు కాపురం పెట్టి అత్తగారి వీధిలోనే ఇల్లు కట్టుకున్నట్టు.

రాకపోకల సంగతి. ఇల్లు ఈ దేశంలో, పొలం ఆ దేశంలో ఉన్న రైతులకి మొదట కొన్ని సడలింపులిచ్చారు. 1955లో ఊడినే పట్నంలో కుదిరిన ఒప్పందంతో సరిహద్దుకి 10 కిలోమీటర్ల లోపున్న వాళ్ళకి ప్రత్యేకం ఒక పాసు వచ్చింది. ప్రపంచమంతా తూర్పు, పడమర అంటూ కత్తులు నూరుకుంటున్న రోజుల్లో, ఈ పాసు చూపించి పెద్దమ్మని చూసి రావచ్చు! ఆ తరువాత బేరాలు సాగాయి. యుగోస్లావియా వైపునుంచి వచ్చి కాఫీ గింజలూ, బట్టల సబ్బుపొడీ, జీన్సు పంట్లాములూ కొనుక్కుపోయేవారు. ఇటాలియన్లు అటు వెళ్ళి మాంసం, పెట్రోలు తెచ్చుకునేవారు. సరుకు పరిమితి దాటితే సుంకం కట్టాలి. అందుకని కాఫీ పొట్లాలు గౌను మడతల్లోనూ చంటిపిల్లల బండ్లలోనూ సరిహద్దు దాటేవి. ఇప్పుడు ఆ దొంగరవాణా ముచ్చట్లకి నోవా గొరీట్సా వైపు ఒక చిన్న మ్యూజియమే ఉంది.

1960లలో రెండు పురపాలక సంఘాలూ అధికారికంగా కలుసుకోవడం మొదలైంది. ఇది ఎంత కష్టమో ఆలోచించండి. మునిసిపాలిటీకి విదేశాంగ శాఖ ఉండదు. పొరుగు మునిసిపాలిటీతో పైవాళ్ళకి తెలియకుండా ఒక ఒప్పందం రాసుకుంటే, రోములోనూ బెల్‌గ్రేడులోనూ కనుబొమ్మలు లేస్తాయి. ఇటువైపు క్రైస్తవ ప్రజాస్వామ్య పక్షం, అటువైపు కమ్యూనిస్టులు. అయినా గొరీట్సియా మేయరు మికేలే మార్తీనా, నోవా గొరీట్సా అధ్యక్షుడు యోష్కో ష్ట్రూకెల్ ఒకరి ఊరికి ఒకరు వెళ్ళారు, మాట్లాడుకున్నారు. పెద్ద రాజకీయం జోలికి పోకుండా ఆటల పోటీలు, పాటల మేళాలు, రోడ్లు, నీళ్ళు, మురుగు, ఇలాంటి వాటితోనే మొదలుపెట్టారు. సొంత ఊళ్ళో వాళ్ళని తిట్టినవాళ్ళూ లేకపోలేదు. నలభై అయిదులో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి ఈ చేతులు కలపడం ఎలా రుచిస్తుంది?

ఆ రోజుల్లోనే గొరీట్సియాలో ఇంకో విశేషం. ఊరి పిచ్చాసుపత్రి సరిగ్గా సరిహద్దు గోడనానుకుని ఉండేది. 1961లో ఫ్రాంకో బజాలియా అనే డాక్టరు దానికి పెద్దగా వచ్చి, రోగుల కట్లు విప్పించి, తాళాలు తీయించాడు. 1978లో ఇటలీ అలాంటి ఆసుపత్రులన్నీ మూసెయ్యాలని చట్టం చేసిందంటే దానికి మొదలు ఇక్కడే. దేశపు గోడ కన్నా ముందు ఆసుపత్రి గోడ పడింది ఆ ఊళ్ళో.

1975లో ఒసీమో ఒప్పందంతో సరిహద్దు తగువులు పైస్థాయిలో ముగిశాయి. మీరెన్ శ్మశానం మధ్యనుంచి గీత జరిగింది. చనిపోయినవాళ్ళు మళ్ళీ ఒక్క దేశస్థులయ్యారు. యుగోస్లావియాలోని రెండు ప్రాంతాల్ని దగ్గర చేసేందుకు ఇటలీ కొండమీదుగా ఒక రోడ్డు వేసుకోనిచ్చారు. 1985లో తెరిచిన ఆ రోడ్డు ఇటలీ నేలమీద, వాడేది అవతలివాళ్ళు! ఇలాంటివి ఇంటి పక్కవాళ్ళ మధ్యే కుదరవు, సందులో సైకిలు పెట్టినందుకు కోర్టుకెక్కేవాళ్ళని మీరూ చూసే ఉంటారు. 1980లో మాడ్రిడ్‌లో యూరప్ మండలి ఇంకో మంచిపని చేసింది. సరిహద్దుకి ఇరువైపులా ఉన్న స్థానిక సంఘాలు కలిసి పనిచెయ్యడానికి దారి చూపే ఒక ఒడంబడిక తయారుచేసింది. అంతవరకూ చాటుమాటుగా సాగే పనికి ఒక గౌరవం వచ్చింది.

అప్పుడు యుగోస్లావియాయే పగిలింది. 1991 జూన్ 25న స్లొవేనియా స్వతంత్రమని ప్రకటించుకుంది. మూడోరోజున, అంటే జూన్ 28న, ఎర్ర ఇల్లు గేటు దగ్గర టాంకులు కాలాయి, మనుషులు చచ్చారు. చీపుళ్ళ ఆదివారం జరిగిన చోటే! పదిరోజుల యుద్ధంతో అది ముగిసింది. మర్నాటినుంచి గొరీట్సియా పురపాలక సంఘానికి పొరుగు దేశం మారింది, పొరుగు ఊరు మాత్రం మారలేదు. ఆ ఆఫీసులో ఆ మనుషులే, ఆ ఫైళ్ళే. పాత యుగోస్లావియా ఇటలీతో చేసుకున్న ఒసీమో ఒప్పందానికి తాను వారసురాలినని స్లొవేనియా 1992లో చెప్పింది. దేశం పేరు మారగానే నీళ్ళకీ రోడ్లకీ మళ్ళీ మొదటినుంచి బేరమాడే బాధ తప్పింది.

దెబ్బ తగిలింది గొరీట్సియా దుకాణదార్లకి. అటువైపు కూడా అన్నీ దొరకసాగాయి కదా, ఇక జీన్సు పంట్లాముల కోసం ఎవరొస్తారు? కోటకింద రాస్తెల్లో వీధిలో ఒకప్పుడు భుజం భుజం రాసుకునే రద్దీ. తరువాత తలుపులు మూసిన కొట్లు. సరిహద్దు వల్ల బతికిన ఊరు సరిహద్దు సడలితే చిక్కిపోవడం, ఇదీ నిజమే. కలయికల కథ చెప్పేవాళ్ళు ఈ ముక్క సాధారణంగా మింగేస్తారు.

2004 ఫిబ్రవరిలో స్టేషను ముందు కూడలిలో కంచె తీసేశారు. ఏప్రిల్ 30 రాత్రి, తెల్లవారితే స్లొవేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరుతుందనగా, ఇద్దరు మేయర్లు వీత్తోరియో బ్రాంకాతీ, మిర్కో బ్రుల్ట్స్ అక్కడే వేలాదిమందితో పండగ చేశారు. 2007 డిసెంబరు 21న పాసుల తనిఖీ కూడా పోయింది. కంచె ఉన్నచోట నేలలో గుండ్రటి పలక ఒకటి పొదిగారు. దానిమీద నిలబడితే ఒక కాలు ఇటలీలో, ఒక కాలు స్లొవేనియాలో.

పాటలు, దీపాలు బాగానే ఉంటాయి. కాని నన్నడిగితే అసలు పరీక్ష మురుగు. కోరెన్ అనే వాగు నోవా గొరీట్సా వైపు పుట్టి గొరీట్సియాలోకి పారుతుంది. ఎగువ ఊరి మురికి దిగువ ఊరి ముక్కుకి తగిలేది. దశాబ్దాలు ఉత్తరాలు, కమిటీలు, సర్వేలు. చివరికి స్లొవేనియా వైపు వ్రతోయ్బా దగ్గర పెద్ద మురుగునీటి శుద్ధి కర్మాగారం 2010 దశకంలో గాని కట్టలేదు. స్నేహమున్నా మురుగుకి ఇంత కాలం పట్టింది. లేకపోతే ఎంత పట్టేదో!

2006లో యూరోపియన్ యూనియన్ ఒక చట్టం చేసింది: వేర్వేరు దేశాల స్థానిక సంఘాలు కలిసి ఒకే చట్టబద్ధమైన సంస్థ పెట్టుకోవచ్చని. 2011లో గొరీట్సియా, నోవా గొరీట్సా, పక్కనున్న షెంపేతర్-వ్రతోయ్బా, మూడు సంఘాలూ కలిసి అలాంటి సంస్థ పెట్టుకున్నాయి. నదివెంట నడిచే దారులూ సైకిలు దారులూ ఒక పథకం. రెండోది ఆరోగ్యం, అందులో గర్భిణీల సంరక్షణ ఒకటి. ఇది మనం ప్రత్యేకం గమనించవలసింది. 2014లో గొరీట్సియా ఆసుపత్రిలో పురుళ్ళ వార్డు మూసేశారు, కాన్పులు తక్కువవుతున్నాయని. ఆడవాళ్ళు ఊరేగింపులు తీశారు, ఫలితం లేకపోయింది. ఇక నొప్పులొస్తే తమ దేశంలో మోన్‌ఫల్కోనే దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. షెంపేతర్ ఆసుపత్రేమో నాలుగడుగుల్లో ఉంది, కాని అది వేరే దేశం. ఖర్చు ఏ దేశపు బీమా భరించాలి? ఇక్కడి మంత్రసాని పట్టా అక్కడ చెల్లుతుందా? కేసు కాగితం ఏ భాషలో రాయాలి? పుట్టిన బిడ్డని ఎక్కడ నమోదు చెయ్యాలి? జెండాలు దించడం ఒక్క పూట పని. ఈ కాగితాలు కలపడానికి ఏళ్ళు కూర్చోవాలి. రెండువైపుల మంత్రసానులూ కలిసి కూర్చున్నారంటే అదే మొదలు.

2020 మార్చిలో కరోనా వచ్చింది. ఒక్క రోజులో ఆ కూడలి మధ్య మళ్ళీ కంచె లేచింది. పదహారేళ్ళుగా లేని కంచె! తాతయ్యలు అటు, మనవలు ఇటు. జాలీకి చెరోవైపు కుర్చీలేసుకుని కబుర్లాడుకున్నవాళ్ళున్నారు. కంచెని వలగా చేసుకుని బాడ్మింటన్ ఆడుకున్నవాళ్ళున్నారు. మేయర్లు రొడోల్ఫో జిబెర్నా, క్లెమెన్ మిక్లావిచ్ ఆ కంచె దగ్గరే కలిసి మాట్లాడుకునేవారు. జూన్‌లో కంచె తీసేశారు. ఆ డిసెంబరులో, 2025 సంవత్సరానికి యూరప్ సాంస్కృతిక రాజధానిగా ఈ రెండు ఊళ్ళనీ కలిపి ఎంపిక చేశారు. రెండు దేశాల ఊళ్ళు కలిసి ఆ గౌరవం మోయడం అదే మొదటిసారి. ఈలోగా 2023 అక్టోబరులో ఇటలీ ప్రభుత్వం భద్రత పేరుతో సరిహద్దు తనిఖీలు మళ్ళీ పెట్టింది. దాంతో 2025 ఫిబ్రవరి 8న పండగ ప్రారంభానికి వచ్చిన అతిథుల్ని రోడ్డుమీద పోలీసులు ఆపి చూసే అవకాశం ఉండేది.

ఆ ప్రాంతంలో చలికాలపు ఆకుకూర ఒకటుంది, అచ్చం విచ్చిన గులాబీలా ఎర్రగా ఉంటుంది, కాస్త చేదు. ఇటువాళ్ళు 'గొరీట్సియా గులాబీ' అంటారు, అటువాళ్ళకి తమ సోల్కాన్ తోటల్లోదే అసలుదని పట్టుదల. విత్తనం రెండువైపులా ఒకటే. కూడలికీ అంతే, ఒక్క పేరు లేదు: ఇటలీ వైపు నిలబడితే ట్రాన్సాల్పీనా కూడలి, రెండడుగులు అటు వేస్తే యూరప్ కూడలి.